మా ఊరి నార్వే లాడ్జి లూటెఫిస్క్ డిన్నర్ ఆగిపోయేలా ఉంది, తెలుగువాళ్ళం ఏం చెయ్యగలం?

మంచుఊరి_మాధవి
మేముండేది మిన్నెసోటాలో, రోచెస్టర్‌కి కొంచెం దూరంగా ఉన్న చిన్న ఊరు. ఇక్కడ ఏ మెయిల్ బాక్స్ చూసినా ఓల్సన్, లార్సన్, హాన్సన్. సన్స్ ఆఫ్ నార్వే అనే నార్వేజియన్ల సంఘానికి ఇక్కడో శాఖ ఉంది, దాన్ని లాడ్జి అంటారు, ఏటా అక్టోబర్ ఆఖర్లో చర్చి బేస్‌మెంట్‌లో లూటెఫిస్క్ (ఎండబెట్టిన కాడ్ చేపతో చేసే నార్వే వంటకం) డిన్నర్ పెడతారు. ఆ టికెట్ల డబ్బుతోనే ఏడాదంతా వాళ్ళ పనులు నడుస్తాయి, అంటే పిల్లల్ని బెమిడ్జి దగ్గర నార్వేజియన్ భాషా క్యాంపుకి పంపడం, రోజ్‌మాలింగ్ అనే పువ్వులు, తీగల పెయింటింగ్ క్లాసులు, మే 17న నార్వే రాజ్యాంగ దినం పండగ ఇవన్నీ. ఈ ఏడాది పెట్టగలమో లేదో అంటున్నారు. లెఫ్సె (బంగాళాదుంపల పల్చటి రొట్టె) వత్తేవాళ్ళు, చేప ఉడికించేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు అందరూ డెబ్భై దాటినవాళ్ళే. చేప ధర కూడా బాగా పెరిగిందట.

మా పక్కింటి పెద్దావిడే నన్నడిగింది, మీవాళ్ళెవరైనా ఓ చెయ్యి వేస్తారా అని. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పది దాకా ఉంటాం. అదే బేస్‌మెంట్‌లో బతుకమ్మ ఆడాం, సంక్రాంతి చేసుకున్నాం, ఒక్కసారి కూడా అద్దె అడగలేదు వాళ్ళు. మావారేమో తలా వంద డాలర్లు వేసి చెక్కు ఇచ్చేద్దాం, వంటలెందుకు అంటున్నారు. నాకు అది సరిపోదనిపిస్తోంది కానీ ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నా. ఇలాంటివాటిల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మాలో సగం మంది వెజిటేరియన్లు, వాళ్ళేం చెయ్యొచ్చు? మన వంటలు కూడా ఓ రెండు పెడతామంటే ఏమైనా అనుకుంటారా?

కోడింగ్_కిరణ్
మీవారు చెప్పిందే కరెక్ట్ అండి. పది కుటుంబాలు, తలా వంద అంటే వెయ్యి డాలర్లు, ఒక్క నిమిషంలో అయిపోతుంది. అదే డిన్నర్ అంటే చేప కొనాలి, వెన్న కొనాలి, బంగాళాదుంపలు కొనాలి, నలభై మంది రెండు రోజులు నిలబడాలి, ఖర్చులు పోగా మిగిలేదెంత? ఓ డొనేషన్ లింక్ పెట్టి ఊరంతా షేర్ చేస్తే పోయేదానికి ఆ పెద్దవాళ్ళని ఎందుకు కష్టపెట్టడం.

బల్లార్డ్_బాబాయ్
కిరణ్, లింక్ పెడితే ఒకసారి ఇస్తారు, రెండోసారి మర్చిపోతారు. భోజనం పెడితే ఏటా వస్తారు, వచ్చేటప్పుడు మనవల్ని తీసుకొస్తారు.

నేను సియాటెల్లో బల్లార్డ్‌లో ఉంటా. ఒకప్పుడు నార్వే నుంచి వచ్చిన జాలర్ల పేట ఇది. ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లూ కాఫీ షాపులే కానీ మే 17 వచ్చిందంటే రోడ్డు మొత్తం ఆగిపోతుంది, నార్వే బయట జరిగే పెద్ద పేరేడ్లలో ఇదొకటి. ఆడవాళ్ళు బునాడ్ అనే సంప్రదాయ దుస్తులు వేసుకుని వస్తారు, ఎంబ్రాయిడరీ, వెండి బ్రోచ్‌లు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో డిజైను. ఇక్కడి నార్డిక్ మ్యూజియం 1980లో పాత స్కూల్ బిల్డింగ్‌లో మొదలైంది, 2018లో సొంత కొత్త భవనంలోకి మారింది, మరుసటి ఏడాది దానికి నేషనల్ మ్యూజియం అన్న హోదా కూడా వచ్చింది. పెద్ద చెక్కులు లేకుండా అంత భవనం లేవదు, నిజమే. కానీ ఆ చెక్కులు రాసినవాళ్ళలో ఎంతమంది చిన్నప్పుడు ఇలాంటి డిన్నర్లలో బల్లలు తుడిచినవాళ్ళో అడిగి చూడు.

ప్యూర్_వెజ్_పద్మ
మాధవీ ముందు ఇది చెప్పు, ఆ చేప వాసన తట్టుకోగలవా? మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు, దాన్ని క్షారంలో నానబెడతారట. నిజమేనా? తిండిలో క్షారం ఏంటసలు?

కాకినాడ_ఎండుచేప
నిజమే పద్మగారూ. నా పేరు చూశారు కదా, ఈ ప్రశ్న నాదే 😀

నార్వేలో ఉత్తరాన లోఫోటెన్ దీవులు ఉంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికి గుంపులుగా వస్తాయి. పట్టి, తల తీసి, రెండేసి చేపలు తోకల దగ్గర కట్టి చెక్క పందిళ్ళ మీద వేలాడదీస్తారు. మా వైపు చేపకి ఉప్పు పట్టించి ఇసక మీద ఎండబెడతారు కదా, అక్కడ ఉప్పు అనేదే వెయ్యరు, సముద్రం మీంచి వచ్చే చలిగాలికే ఆరిపోయి కర్రలా అయిపోతుంది. ఏళ్ళ తరబడి చెడిపోదు. దాన్ని తిరిగి మెత్తబరచడానికి కొన్ని రోజులు నీళ్ళలో, తర్వాత క్షారం నీళ్ళలో, మళ్ళీ ఆ క్షారం పోయేదాకా రోజూ నీళ్ళు మారుస్తూ నానబెడతారు. ఉడికాక జెల్లీలాగ వణుకుతుంది. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికిందంటే కరిగిపోయి గిన్నెలో ఏమీ మిగలదు, అందుకే లాడ్జిల్లో చేప దగ్గర నిలబడే మనిషిని ఊరికే మార్చరు. వెండి గిన్నెల్లో పెట్టకూడదు, నల్లబడిపోతాయి. నార్వేవాళ్ళ పద్ధతిలో కరిగించిన వెన్న పోసుకుంటారు, స్వీడన్‌వాళ్ళయితే తెల్ల సాస్. మిన్నెసోటాలో ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఈ వెన్నా సాసా గొడవ వినపడాల్సిందే.

బల్లార్డ్_బాబాయ్
మిన్నెసోటాలోనే మాడిసన్ అని ఓ ఊరుంది, అమెరికాకి లూటెఫిస్క్ రాజధాని మేమే అని బోర్డు పెట్టుకున్నారు. పాతిక అడుగుల కాడ్ చేప బొమ్మ ఉంటుంది, దాని పేరు లూ టీ. ఫిస్క్. మాధవి వాళ్ళు ఒకసారి వెళ్ళి ఫోటో దిగి రావాలి.

నిజాంబాద్_నవీన్
ఒక్కటి అడుగుతా, తప్పుగ అనుకోకుండ్రి. మన తెలుగు అసోసియేషన్ల పైసలు లేక పిల్లల మనబడి క్లాసులే సక్కగ నడుస్తలేవు. గా నార్వేవోళ్ళు నూటయాభై ఏండ్ల సంది ఈడ పాతుకుపోయినోళ్ళు, భూములున్నయ్, బ్యాంకులున్నయ్. వాళ్ళ సంస్కృతికి మనం ఎందుకు కష్టపడాలె?

మంచుఊరి_మాధవి
నవీన్ గారూ, భూములున్నవాళ్ళు వేరే, ఈ లాడ్జిలో బంగాళాదుంపలు చెక్కు తీసేవాళ్ళు వేరే. రిటైరైన స్కూల్ టీచర్లు, పాల డెయిరీలు నడిపినవాళ్ళు, నర్సులు. పైగా బతుకమ్మకి హాలు ఇచ్చినప్పుడు మీ సంస్కృతికి మేమెందుకు లైటు బిల్లు కట్టాలి అని వాళ్ళు అడగలేదు కదా.

నిజాంబాద్_నవీన్
గది కరెక్టే. హాలు సంగతి నేను సక్కగ సదవలే. అట్లయితే పోవాలె, మాట లేదు.

గుంటూరు_సామ్యూల్
నాకు ఈ థ్రెడ్ చూస్తుంటే మా ఊరి చర్చి గుర్తొస్తోంది. నార్వేవాళ్ళ చర్చిల్లాగే మాదీ లూథరన్ సంఘమే. 1842లో గుంటూరొచ్చి మిషన్ మొదలుపెట్టిన హేయర్ అయ్యగారు ఉన్నారు కదా, ఆయన తర్వాత మిన్నెసోటా వెళ్ళి అక్కడ సంఘాలు కట్టారు, 1860లో మిన్నెసోటా సినడ్‌కి, అంటే అక్కడి లూథరన్ సంఘాల సమాఖ్యకి, మొదటి అధ్యక్షుడు ఆయనే, ఆ తర్వాత ముసలితనంలో మళ్ళీ మన దగ్గరికొచ్చారు. ఆయన జర్మన్, నార్వే ఆయన కాదు, అది వేరే సంగతి. కానీ మాధవి గారి ఊరి బేస్‌మెంట్‌కీ మా గుంటూరు ఆవరణకీ చుట్టరికం ఉందని చెప్పడానికి రాశా.

మా దగ్గర కోత పండక్కి ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయ, అరటి గెల, బియ్యం మూట, కోడిపెట్ట. ఆరాధన అయ్యాక వేలం. మార్కెట్లో యాభై రూపాయలు చెయ్యని గుమ్మడికాయ వెయ్యికి పోతుంది, కొన్నాయన మళ్ళీ దాన్ని అక్కడే పెట్టేస్తాడు, ఇంకోసారి వేలం వేస్తారు. మిన్నియాపొలిస్‌లో నన్ను ఓ లాడ్జి డిన్నర్‌కి తీసుకెళ్తే అక్కడా అదే. డజను లెఫ్సెల ప్యాకెట్టు వేలం పెట్టారు, కొట్లో కొంటే ఎంతో అందరికీ తెలుసు, దానికి పదింతలు పాడారు. కిరణ్ గారి లెక్కలో ఆ డబ్బు ఎక్కడ పడుతుందో నాకు తెలీదు.

కోడింగ్_కిరణ్
వేలం సంగతి ఒప్పుకుంటా, అది బాగా వర్కౌట్ అవుతుంది. కానీ అసలు సమస్య అలాగే ఉంది కదా, పనిచేసేవాళ్ళు లేరు. ఈ ఏడాది పది తెలుగు కుటుంబాలు వచ్చి నెట్టుకొస్తారు, మరి వచ్చే ఏడాది? వాళ్ళ మనవలే రావట్లేదంటే ఆ వంట మీద వాళ్ళకే ఆసక్తి లేదనే కదా అర్థం.

అయోవా_అరుణ
అలా అనకండి కిరణ్. మనవలు పనికి రావట్లేదంటే ఆసక్తి లేదని కాదు, వాళ్ళని ఎవరూ వంటగదిలోకి పిలవలేదని. పెద్దవాళ్ళు నేర్పడం కంటే తామే చేసేసుకోవడం తేలిక అనుకుంటారు, మనిళ్ళల్లో ఆవకాయ సంగతి కూడా అంతేగా.

నేను అయోవాలో డెకోరా అనే ఊరికి అరగంట దూరంలో ఉంటా. ఇంత చిన్న ఊళ్ళో వెస్టర్‌హైమ్ అని అమెరికాలో నార్వేజియన్ల జాతీయ మ్యూజియం ఉంది. 1877లో లూథర్ కాలేజీలో చిన్న కలెక్షన్‌గా మొదలైంది. అక్కడికెళ్తే చూసి వచ్చేయడం ఉండదు, చేతులతో చెయ్యాలి. 1967లో నార్వే నుంచి పెయింటర్‌ని రప్పించి రోజ్‌మాలింగ్ క్లాసు పెట్టారు, అప్పట్నుంచి చెక్క చెక్కడం, నేత, కత్తులు చెయ్యడం, హార్డాంగర్ ఎంబ్రాయిడరీ అన్నీ వచ్చి చేరాయి. నేను రోజ్‌మాలింగ్ నేర్చుకున్నా. పళ్ళెం మీద సీ ఆకారం, ఎస్ ఆకారం గీతలు ఉంటాయి, బ్రష్ ఒత్తి మొదలుపెట్టి చివరికొచ్చేసరికి వెంట్రుకంత సన్నం చెయ్యాలి. ముగ్గు వేసే చెయ్యి కదా త్వరగా వచ్చేసింది అని టీచరుకి చెప్తే, ఏదీ ఆ ముగ్గు చూపించమని పక్కన పెన్ను కాగితం పెట్టింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే లాడ్జివాళ్ళకి డిన్నర్ ఒక్కటే దారి కాదు. క్లాసులు పెట్టొచ్చు. లెఫ్సె క్లాసు పెట్టి ఫీజు తీసుకుంటే డబ్బూ వస్తుంది, వచ్చే ఏడాదికి చేతులూ తయారవుతాయి.

కోడింగ్_కిరణ్
ఇది మంచి పాయింట్. క్లాసు అయితే నేను కూడా వస్తా.

స్టావాంగర్_శ్రీను
అసలు నార్వేలో ఉన్నవాణ్ణి నేను, ఇక్కడి సంగతి చెప్తా. లూటెఫిస్క్ ఇక్కడ కూడా క్రిస్మస్ ముందు తింటారు కానీ బేకన్ ముక్కలు, పచ్చి బఠానీ ముద్దతో. లాడ్జిలు, చర్చి బేస్‌మెంట్లు లేవు, అది అమెరికా వెళ్ళినవాళ్ళు అక్కడ తయారుచేసుకున్న పద్ధతి. ఇక్కడ డబ్బు పోగుచేసేదంతా స్కూల్ బ్యాండుల కోసం. ప్రతి ఊళ్ళో పిల్లల బ్యాండు ఉంటుంది, మే 17న అదే ముందు నడవాలి. యూనిఫాంలు, బాకాలు, డ్రమ్ములు, మాస్టారి జీతం అన్నీ తల్లిదండ్రులే సంపాదించాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్కూల్ జిమ్‌లో పాత సామాన్ల సంత. వారం ముందు నుంచి ఇల్లిల్లూ తిరిగి సోఫాలు, పుస్తకాలు, స్కీలు వ్యాన్లో వేసుకురావాలి. ఆ రెండు రోజులూ ఓ మూల గుండె ఆకారంలో వాఫిల్స్ వేస్తూనే ఉంటారు, జామ్, పుల్లని క్రీమ్, లేకపోతే బ్రౌన్ చీజ్. కేకుల లాటరీ ఉంటుంది. టాయిలెట్ పేపర్ కట్టలు ఇంటింటికీ తిరిగి అమ్మడం కూడా ఉంటుంది, మా పిల్ల బ్యాండులో చేరాక మా గ్యారేజీ నిండా అవే.

ఇలా అందరూ కలిసి జీతం లేకుండా చేసే పనిని ఇక్కడ దుగ్నాద్ అంటారు, నోటీసు అంటిస్తే డాక్టరైనా, చమురు కంపెనీ మేనేజరైనా వచ్చి కుర్చీలు మోస్తారు. రాలేనివాళ్ళు డబ్బు కట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంది కానీ దాన్ని జనం అంతగా ఇష్టపడరు. మాధవి గారి ఇంట్లో జరుగుతున్న వాదనే ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంట్ మీటింగులోనూ జరుగుతుంది.

ప్యూర్_వెజ్_పద్మ
గ్యారేజీ నిండా టాయిలెట్ పేపరా 😂 కరోనా టైంలో మీరే కోటీశ్వరులు అన్నమాట.

స్టావాంగర్_శ్రీను
😂 అప్పుడు మా వీధిలో నాకున్న గౌరవం వేరు.

ఇంకొకటి మర్చిపోయా. 2025తో నార్వే నుంచి అమెరికాకి వలస మొదలై 200 ఏళ్ళు. 1825 జులై 4న ఈ స్టావాంగర్ నుంచే రెస్టౌరేషన్ అనే చిన్న పడవ 52 మందితో బయల్దేరింది, దారిలో ఓ పాప పుట్టింది, అక్టోబర్ 9న న్యూయార్క్ చేరారు. అంత చిన్న పడవలో అంతమందిని ఎక్కించారని అక్కడ జరిమానా వేసి పడవని పట్టుకున్నారు, చివరికి ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్ క్షమించి వదిలేశాడు. కొలంబస్ కంటే ముందే అమెరికా చేరిన నార్స్ నావికుడు లీఫ్ ఎరిక్సన్ పేరిట అమెరికాలో లీఫ్ ఎరిక్సన్ డే అక్టోబర్ 9న పెట్టింది ఆ పడవ చేరిన రోజు చూసే. అదే నమూనాలో కట్టిన పడవ 2025 జులై 4న ఇక్కణ్ణించి మళ్ళీ బయల్దేరింది, రేవు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం.

బల్లార్డ్_బాబాయ్
మాధవీ, అక్టోబర్ 9 దగ్గర్లో పెట్టుకోమను డిన్నర్. ఆ కథ పిల్లల చేత చెప్పించొచ్చు. లూటెఫిస్క్ డిన్నర్ల సీజన్ కూడా అప్పుడే మొదలు.

లెక్కల_లక్ష్మి
చెక్కులు రాసేముందు ఒక మాట, నేను ట్యాక్స్ పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా. సన్స్ ఆఫ్ నార్వే అనేది 1895లో మిన్నియాపొలిస్‌లో 18 మంది కలిసి పెట్టుకున్న సంఘం. ఒకరికి జబ్బు చేస్తేనో, ఇంటాయన పోతేనో మిగతావాళ్ళు ఆదుకోవాలని పెట్టుకున్నది, ఇప్పటికీ ఇన్సూరెన్స్ అమ్ముతారు. అలాంటి సంఘాలు అమెరికా ట్యాక్స్ చట్టంలో 501సీ8 కింద వస్తాయి. వాళ్ళకిచ్చింది పూర్తిగా ధర్మకార్యాలకే వాడితే తప్ప మీ రిటర్న్‌లో డిడక్షన్ రాదు. వాళ్ళ ఫౌండేషన్ వేరు, అది 501సీ3, అంటే ధర్మసంస్థ, దానికిస్తే వస్తుంది. స్కాలర్‌షిప్‌లు, గ్రాంట్లు దాన్నించే ఇస్తారు. డెకోరా మ్యూజియం లాంటివి కూడా 501సీ3నే. ఇక డిన్నర్ టికెట్‌లో తిండి విలువ పోగా పైన ఇచ్చిందే విరాళం కింద లెక్క, అది కూడా 501సీ3కి వెళ్తేనే.

ఇంకో విషయం, చాలా కంపెనీలు వాలంటీర్ గంటలకి డబ్బు మ్యాచ్ చేస్తాయి. మీరు రెండు రోజులు బంగాళాదుంపలు చెక్కు తీసినా కంపెనీ ఆ సంస్థకి డబ్బు పంపుతుంది. లాడ్జి డిన్నర్ 501సీ3 పేరు మీద జరుగుతుంటేనే అది కుదురుతుంది, ముందే కనుక్కోండి. మీ ఊళ్ళో ఐటీవాళ్ళు ఎంతమంది ఉన్నారో దాన్ని బట్టి ఇది చేప మీద వచ్చేదానికంటే ఎక్కువే కావచ్చు.

కోడింగ్_కిరణ్
లక్ష్మి గారూ దండం. ఇది ఎవరూ చెప్పలేదు. మా కంపెనీలో ఉంది ఈ స్కీము, నేనెప్పుడూ వాడలేదు.

మంచుఊరి_మాధవి
చాలా ఉపయోగపడే సంగతి లక్ష్మి గారూ, మా లాడ్జి కోశాధికారిని అడుగుతా. మెంబర్‌షిప్ మాట ఏంటి? నార్వే మూలాలు ఉండాలా?

అయోవా_అరుణ
అక్కర్లేదు, ఆసక్తి ఉన్న ఎవరైనా చేరొచ్చు. మా దగ్గర మెక్సికన్ ఆవిడ ఒకామె హార్డాంగర్ కుట్టులో అందరికీ నేర్పుతుంది.

గుంటూరు_సామ్యూల్
స్కీయింగ్ ఇష్టమున్నవాళ్ళుంటే ఇంకోటి కూడా చూడండి. స్కీ ఫర్ లైట్ అని 1975 నుంచి జరుగుతోంది, చూపు లేనివాళ్ళ పక్కన చూపున్నవాళ్ళు స్కీ చేస్తూ దారి చెప్తారు. ఆలోచన నార్వేదే, సన్స్ ఆఫ్ నార్వే వాళ్ళ అండ మొదట్నుంచీ ఉంది. డబ్బులు పోగుచేసే దగ్గరే ఆగిపోకుండా ఇలాంటి పనుల్లోకి వెళ్తే పిల్లలకి కూడా పట్టుకుంటుంది.

ప్యూర్_వెజ్_పద్మ
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది, వెజిటేరియన్లు ఏం తినాలి, ఏం చెయ్యాలి?

అయోవా_అరుణ
తినడానికి లెఫ్సె, ఉడికించిన దుంపలు, బఠానీలు, రమ్మెగ్రోట్ అని పుల్లని క్రీమ్‌తో చేసే జావ, పైన కరిగిన వెన్న, చక్కెర, దాల్చిన చెక్క పొడి. గుడ్డు కూడా తినకపోతే క్రుమ్‌కాకె, రోజెట్స్ అనే స్వీట్లు వదిలెయ్యండి.

చెయ్యడానికైతే లెఫ్సె బల్ల దగ్గర నిలబడండి. రసెట్ దుంపలు ఉడకబెట్టి రైసర్‌లో (దుంపల్ని చిల్లుల్లోంచి నొక్కే సాధనం) వేసి నొక్కి, వేడి మీదే వెన్న, క్రీమ్, ఉప్పు, కాస్త చక్కెర కలిపి రాత్రంతా చల్లారనిస్తారు. పొద్దున్నే మైదా కలపాలి, ముందే కలిపితే జారిపోతుంది. గుడ్డ తొడిగిన గుండ్రటి బల్ల, గాళ్ళు గాళ్ళుగా ఉండే కర్ర. కింద బల్ల మీద రాసిన అక్షరాలు కనపడేంత పల్చగా వత్తాలంటారు. పొడుగాటి సన్నటి బద్ద లెఫ్సె కిందికి పోనిచ్చి ఎత్తి పెనం మీదకి దొర్లిస్తారు, గోధుమరంగు మచ్చలు రాగానే తిప్పి, తీసి తువ్వాళ్ళ మధ్య పేరుస్తారు. మెత్తగా ఉండాలంటే ఆ తువ్వాళ్ళు ముఖ్యం. చపాతీలు చేసిన చేతులైతే ఎక్కువ చెప్పక్కర్లేదు, కాకపోతే మనం గట్టిగా అదుముతాం, ఇక్కడ కర్ర బరువే చాలు.

గుంటూరు_సామ్యూల్
అరుణ గారు రోజెట్స్ అన్నారు చూశారా, అవి మన గులాబీ పువ్వులే అండి! అదే ఇనప గుత్తి, అదే పిండి. మా ఇళ్ళల్లో క్రిస్మస్‌కి చేసేవే. వాళ్ళు పిండిలో పాలు గుడ్డు కలిపి వేయించాక పైన చక్కెర పొడి చల్లుతారు, మన దగ్గర కొంచెం బియ్యప్పిండి పడుతుంది. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు లాడ్జి వంటగదిలో ఆ గుత్తులు చూసి నా మొహం చూసింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు ఆవిడకి. గుత్తి నూనెలో కాగబెట్టి, పిండిలో అంచు దాకా ముంచి, పై అంచు మునగకుండా ఎత్తి నూనెలో పెట్టి ఇలా ఓ విదిలింపు విదిలించింది, పువ్వు విడిపోయి తేలింది. అక్కడి పెద్దావిడలు అప్పటిదాకా ఫోర్కుతో తీసుకుంటున్నారు. ఇక ఆ సాయంత్రమంతా అమ్మని పొయ్యి దగ్గర్నించి కదలనివ్వలేదు, పక్కన నిలబడి చక్కెర చల్లుతూ వాళ్ళ నార్వేజియన్ పాటలు పాడారు.

మంచుఊరి_మాధవి
సామ్యూల్ గారూ ఇది చదివి మా అత్తగారికి వినిపించా. గుత్తి ఇండియా నుంచి తెప్పించమంటారా అంటున్నారు అప్పుడే.

నిజాంబాద్_నవీన్
అయితే మన సమోసాలు, పకోడీలు గూడ ఓ టేబుల్ పెడితే మస్తు అమ్ముడు పోతయ్ కదా. పైసలు గూడ ఎక్కువ వస్తయ్.

అయోవా_అరుణ
వద్దని నా మాట. వచ్చేవాళ్ళు వాళ్ళ నాయనమ్మ చేతి రుచి కోసం వస్తారు. ఏడాదికి ఒక్క రోజు దొరికే తిండి పక్కన ఎప్పుడూ దొరికే సమోసా పెడితే పిల్లలంతా సమోసా దగ్గరే నిలబడతారు, లూటెఫిస్క్ ముసలాళ్ళకి మిగులుతుంది. సాయం చేద్దామని వెళ్ళి వాళ్ళ డిన్నర్‌ని ఫుడ్ ఫెస్టివల్ చేసేస్తాం.

బల్లార్డ్_బాబాయ్
నేను ఒప్పుకోను అరుణా. చాలా లాడ్జిలు చేప తినలేనివాళ్ళ కోసం మీట్‌బాల్స్ ఎప్పుడో చేర్చాయి, సాల్మన్ చేర్చాయి, ఇప్పుడు చాలామంది వాటి కోసమే వస్తారు. దానివల్లే డిన్నర్ బతికింది. ఇంకో టేబుల్ వల్ల పాడైపోయేదేం లేదు.

అయోవా_అరుణ
మీట్‌బాల్స్ వాళ్ళే చేర్చుకున్నారు బాబాయ్, వాళ్ళ వంటే అది. మనం వెళ్ళి చేర్చడం వేరు. చేర్చాలో వద్దో వాళ్ళని అనుకోనివ్వండి, మనంతట మనం అడగొద్దు. అడిగితే మొహమాటానికి సరే అంటారు, మిన్నెసోటావాళ్ళు కాదు అనరు.

ప్యూర్_వెజ్_పద్మ
నేను అరుణ వైపు. మన సంక్రాంతికి వాళ్ళొచ్చి అరిసెల పక్కన కేకులు పెడతామంటే నాకెలా ఉంటుంది?

నిజాంబాద్_నవీన్
మస్తుంటది, నేను రెండూ తింటా 😀

బల్లార్డ్_బాబాయ్
నేనూ 😀 కానీ పద్మగారు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. పోనీ వేరే రోజు పెట్టుకోండి. మా దగ్గర లాడ్జిలో ఆదివారం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ జరుగుతుంది, తక్కువ ఖర్చు, తక్కువ పని, అకార్డియన్ వాయించేవాళ్ళు వస్తారు. చలికాలంలో అలాంటిది ఒకటి నార్వే తెలుగు కలిపి పెట్టి, వచ్చిన డబ్బు లాడ్జికే ఇచ్చేయండి.

మంచుఊరి_మాధవి
నిన్న సాయంత్రం లాడ్జి మీటింగ్‌కి వెళ్ళొచ్చా, మావారు కూడా వచ్చారు. మీరు రాసినవన్నీ ఓ కాగితం మీద రాసుకుని వెళ్ళా.

డిన్నర్ పెడుతున్నారు. చేప తక్కువ తెప్పిస్తున్నారు, మీట్‌బాల్స్ ఎక్కువ చేస్తారు. చేప గిన్నెల దగ్గర ఉండే ఆయనకి ఎనభై రెండేళ్ళు, ఈసారి పక్కన ఒకర్ని పెట్టుకుని నేర్పమని అందరూ అడిగితే ముందు వద్దన్నాడు. మావారు నేను నిలబడతా అన్నారు. పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూసి గడియారం ఉందా అని అడిగాడు. ఉందంటే, తీసెయ్, కంటితో చూసి నేర్చుకోవాలి అన్నాడు. చెక్కు రాసిచ్చేద్దాం అన్న మనిషి రాత్రంతా కాడ్ చేప వీడియోలు చూస్తూ కూర్చున్నారు.

కంపెనీ మ్యాచింగ్ సంగతి కోశాధికారికి చెప్తే ఆవిడ నాలుగుసార్లు అడిగి రాసుకుంది. లాడ్జికి నేరుగా కుదరదట, ఫౌండేషన్ ద్వారా ఏమైనా చెయ్యొచ్చేమో కనుక్కుంటానంది. లెఫ్సె క్లాసు డిన్నర్‌కి రెండు వారాల ముందు శనివారం. ఫీజు పెట్టడానికి వాళ్ళు మొహమాటపడ్డారు, నేనే పెట్టించా. అందులో చేసిన లెఫ్సెలే ఫ్రీజ్ చేసి డిన్నర్‌కి వాడతారు కాబట్టి పని కూడా తగ్గుతుంది. మన వంటల మాట నేను ఎత్తలేదు. గులాబీ పువ్వుల సంగతి మాత్రం చెప్పా, రోజెట్స్ బల్ల మా అత్తగారికి ఇచ్చేశారు.

ఒక్క విషయంలో తేలలేదు. కుర్రవాళ్ళని ఎలా రప్పించాలి అంటే ఒకావిడ అంది, హైస్కూల్లో వాలంటీర్ గంటలు కావాలి కదా వాళ్ళకి, స్కూలుకి రాద్దామని. ఇంకొకాయన గంటల కోసం వచ్చేవాళ్ళు ఫోన్లు చూస్తూ నిలబడతారు అన్నాడు. ఇద్దరూ అక్కడే వాదించుకున్నారు.

స్టావాంగర్_శ్రీను
రానివ్వండి, ఫోన్ చూస్తూనే రానివ్వండి. ఇక్కడ బ్యాండు పిల్లలు కూడా మొదట అలాగే వస్తారు. చేతికి పని ఇస్తే ఫోన్ జేబులోకి పోతుంది. పిల్లలకి డబ్బుల బల్ల అప్పగించండి, చిల్లర లెక్కపెట్టడం వాళ్ళకి భలే ఇష్టం.

లెక్కల_లక్ష్మి
డబ్బుల బల్ల దగ్గర పిల్లలతో పాటు పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాలి, ఎప్పుడూ ఒక్కరు లెక్కపెట్టకూడదు. లాటరీ టికెట్లు అమ్ముతుంటే రాష్ట్రం నియమాలు వేరే ఉంటాయి, అది కూడా చూసుకోమనండి.

కాకినాడ_ఎండుచేప
మాధవి గారూ మీవారికి చెప్పండి, ముక్క రేకులు రేకులుగా విడిపోతూ ఇంకా మెరుస్తుండగానే దించేయాలి. మెరుపు పోయిందంటే ఆలస్యమైనట్టే. గుడ్డ సంచిలో కట్టి ఉడికిస్తే విరక్కుండా తీయడం తేలిక.

కోడింగ్_కిరణ్
ఆ శనివారం క్లాసుకి నా పేరు రాయించండి. ట్విన్ సిటీస్ (మిన్నియాపొలిస్, సెయింట్ పాల్) నుంచి గంటన్నర, కార్లో ఇంకో ముగ్గురికి చోటుంది, ఎవరైనా వస్తారా?

నిజాంబాద్_నవీన్
నేనొస్త. బ్లూమింగ్టన్ల ఎక్కించుకో అన్న. కర్ర, బల్ల మనమే తెచ్చుకోవాల్నా?

మంచుఊరి_మాధవి
ఏమీ తేవద్దు నవీన్ గారూ, బల్లలు ఎనిమిది ఉన్నాయి వాళ్ళ దగ్గర. ఏప్రాన్ ఒకటి తెచ్చుకోండి, పిండి మోచేతుల దాకా అంటుతుంది. పొద్దున ఎనిమిదికల్లా రావాలి, బేస్‌మెంట్‌కి దారి చర్చి వెనక పార్కింగ్ వైపు నుంచి. దుంపల్ని శుక్రవారం సాయంత్రమే ఉడకబెడతారు, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఆరింటికి వస్తే చెక్కు తీసే పని ఉంది. ఎంతమంది వస్తున్నారో బుధవారం లోపు ఇక్కడ రాస్తే వాళ్ళకి చెప్తా.

ప్యూర్_వెజ్_పద్మ
శుక్రవారం దుంపలకి నేనూ మా అమ్మాయీ. ఇద్దరం.